కొలిచిన టేపుతోనే కోత

అక్క చీలమండ పదీ ముప్పావు వచ్చింది. పోయిన వారం పదీ పావు. అంతకు ముందు వారం పది. చెల్లెలు మోకాళ్ళ మీద కూచుని టేపు ఇంకోసారి చుట్టింది, ప్యాంటు అంచు కొలిచినట్టు, బిగించకుండా, వదలకుండా. పదీ ముప్పావే. బొటనవేలితో నొక్కితే గుంట పడి, మైనం మీద ముద్రలా అలాగే ఉండిపోయింది.

"చూశావుగా, ఇంక లే. పొద్దున్నే నా కాళ్ళకి దండాలేంటే?" అంది అక్క.

అక్క నవ్వుతూనే అంది గాని ఆ మాట మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుంది. ఏడు మాటలు ఒక్క ఊపిరిలో పట్టలేదు ఆవిడకి. అదే మనిషి ఆరేళ్ళ కిందట కోటు గుడ్డ మీద కత్తెర నడుపుతూ, అటు గిరాకీతో పోట్లాడుతూ, ఇటు చెల్లెల్ని తిడుతూ, మధ్యలో పాట కూడా పాడేది.

ఇరవై రెండేళ్ళుగా ఆ దుకాణం ఇద్దరిదే. అక్క కోస్తుంది, చెల్లెలు కుడుతుంది. వీధిలో అందరికీ ఆవిడ కత్తెరక్క. చిన్నావిడ పేరు ఎవరికీ పట్టలేదు. తనకన్నా పదేళ్ళు చిన్నవాళ్ళు కూడా చెల్లెమ్మా అనే పిలుస్తారు. కత్తెరక్క గుండె ఇప్పుడు మూడో వంతు పని కూడా చేయడం లేదు. రక్తాన్ని తోయలేక తోయలేక సాగిపోయి, సాగిన ఎలాస్టిక్‌లా వేలాడుతోంది. ఆ పోలిక డాక్టర్లది కాదు, అక్కదే.

కుట్టుమిషను పైన గోడకి ఒక కాగితం గుండుసూదులతో గుచ్చి ఉంది. "ఆరు నిమిషాల నడక. మొదట: 270 మీటర్లు. ఎనిమిది వారాల తర్వాత: 330 మీటర్లు." మూడొందల ముప్ఫై చుట్టూ అక్క ఎర్ర సుద్దతో సున్నా చుట్టింది. వచ్చిన ప్రతి గిరాకీకీ చూపించింది. చొక్కా గుండీ కుట్టించుకోడానికి వచ్చినవాడికి కూడా చూపించింది.

ఆ కాగితం కింద, బల్ల మీద, ఆ పొద్దున వచ్చిన ఉత్తరం ఉంది. గుండె విభాగం నుంచి. దాన్ని చెల్లెలు నాలుగుసార్లు చదివింది. నాలుగోసారి గట్టిగా చదివింది, కోపం గొంతులోంచి బయటికి పోతుందేమోనని.

"మీ నడక సామర్థ్యం మూడు వందల మీటర్లు దాటినందున, గుండె యంత్రం అమర్చవలసిన వారి జాబితా నుంచి మీ పేరు తొలగించడమైనది. ఆరోగ్యంలో మెరుగుదలకు అభినందనలు."

అభినందనలట!

ఆ యంత్రం అగ్గిపెట్టెంత ఉంటుంది. ఎడంపక్క భుజం కింద చర్మంలో పెట్టి, తాళం తప్పిన గుండె రెండు పక్కల్నీ కలిపి కొట్టిస్తారు. దానికోసం అక్క పద్నాలుగు నెలలుగా లైన్లో ఉంది. మూడొందల మీటర్లు కూడా నడవలేని వాళ్ళకే ముందు. అక్క వంతు ఇంకో మూడు వారాల్లో ఉంది. ఇప్పుడు అభినందించి బయటికి తోసేశారు.

"మంచిదేగా. బాగుపడ్డాననేగా," అంది అక్క.

"బాగుపడ్డావా? పడుకుంటే ఊపిరాడక మూడు దిళ్ళేసుకుని కూచునే నిద్రపోతున్నావు. నీ చెప్పులు నీకు పట్టక నావి వేసుకుంటున్నావు. మెట్లెక్కి ఎన్నాళ్ళయింది?"

"అది వేరు. నడక నడకే. గడియారం పెట్టి కొలిచారు. పెద్ద డాక్టరు నా ముందే చెప్పాడు, మీ మెదడు మీ గుండెకి ధైర్యం చెప్పింది అని."

చెల్లెలు ఉత్తరాన్ని మడిచి, చేతిసంచిలో కుక్కి, టేపు మెడలో వేసుకుంది. బయటికి వెళ్ళేటప్పుడు టేపు తీసి పెట్టడం ఆమెకి ఎప్పుడూ గుర్తుండదు. ఆ రోజు గుర్తుండకపోవడమే మేలయింది.

* * *

పెద్ద డాక్టరు చేసే పరిశోధనలో అక్క చేరినప్పుడు, మొదట్లో అది చెల్లెలికి నచ్చింది కూడా. అబద్ధం ఎందుకు? గుండె బలహీనపడ్డప్పుడు మెదడు కంగారుపడి, అలిసిన ఎద్దుని చెర్నాకోలతో కొట్టినట్టు దాన్ని ఇంకా తోలుతుందట. ఎద్దు ఇంకా కుంగుతుందట. తల మీద రెండు తడి స్పాంజీలు పెట్టి, ఇరవై నిమిషాలు సన్నటి కరెంటు పంపితే మెదడు కాస్త నెమ్మదించి చెర్నాకోల దించుతుందేమో చూడాలి. కోత లేదు, కుట్టు లేదు, మత్తు లేదు. నలభై ఇద్దరు రోగులు. సగం మందికి నిజం కరెంటు, సగం మందికి ఉత్తుత్తి కరెంటు. ఉత్తుత్తి అంటే మొదటి అర నిమిషం చిమచిమలాడించి ఆపేస్తారు. ఎవరికి ఏది పెట్టారో పెట్టే అమ్మాయికీ తెలియదు, పెద్ద డాక్టరుకీ తెలియదు, పెట్టించుకున్నవాళ్ళకీ తెలియదు. ఎనిమిది వారాల తర్వాత ఎవరు ఎక్కువ నడిచారో చూసి, అప్పుడు లెక్క విప్పుతారు. బుద్ధున్న పద్ధతే.

మొదటి రోజు ఆ అమ్మాయి అక్క తల కొలిచింది. ముక్కు మొదలు నుంచి వెనక తలబుడిపె దాకా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, మిల్లీమీటర్లతో సహా. కొలిచి, సగం చేసి, మళ్ళీ అందులో అయిదో వంతు లెక్కేసి, తల మీద పెన్సిలుతో చుక్క పెట్టింది. అప్పుడే ఆమెకి అక్కాచెల్లెళ్ళు పెట్టిన పేరు తలకొలత.

"టేపు అలా లాగకమ్మా, సాగుతుంది. ఎన్ని తలలు కొలిచావు దీనితో?" అంది అక్క.

"చాలా, ఆంటీ."

"మరి మార్చావా?"

"ఒకే టేపు వాడాలని రూలు ఆంటీ. మారిస్తే కొలత మారుతుందని."

అక్క మొహం వెలిగిపోయింది. చెల్లెలి వంక తిరిగి, "విన్నావా? మన రూలే!" అంది. ఆ క్షణం నుంచి ఆ ఆస్పత్రి అంటే అక్కకి గుడ్డి నమ్మకం.

ఎందుకంటే ఆ దుకాణానికి ఉన్నది ఒకటే చట్టం. కొలిచిన టేపుతోనే కోత. గుడ్డ టేపులు వాడగా వాడగా సాగుతాయి. రెండు టేపులు పక్కపక్కన పెడితే పావంగుళం తేడా రావడం మామూలు. పదహారేళ్ళప్పుడు చెల్లెలు ఒక టేపుతో కొలిచి ఇంకో టేపుతో గుర్తు పెట్టింది. కోటు చెయ్యి మణికట్టు దాకా రాలేదు. అక్క చెక్క స్కేలుతో వేళ్ళ గెణుపుల మీద కొట్టింది. ఒకసారి కాదు, పొట్టైన ప్రతి పావంగుళానికీ ఒకటి. మూడు పడ్డాయి. చెల్లెలు మళ్ళీ ఆ తప్పు చెయ్యలేదు.

మొదటి రోజు కరెంటు పెట్టి తీశాక అక్క అంది, "దీనికన్నా మన ఇస్త్రీపెట్టె గట్టిగా కొడుతుంది." అది నిజం కరెంటో ఉత్తుత్తిదో ఎవరికి తెలుసు?

* * *

పెద్ద డాక్టరు గది మూడో అంతస్తులో ఉంది. రెండు నెలల కిందట కింది అంతస్తులో గొట్టాలు కారి గోడలు చెమ్మపడితే, పరిశోధన విభాగాన్నంతా మూడో అంతస్తుకి మార్చారు. చెల్లెలు వెళ్ళేసరికి ఆయన కంప్యూటరు తెర మీద రంగుల గీతలు చూసుకుంటున్నాడు. శనివారం ఏదో పెద్ద సభ ఉంది. ఆయన మాట్లాడాలి.

"మా అక్క పేరు లిస్టులోంచి తీసేశారు," అని ఉత్తరం బల్ల మీద పెట్టింది.

ఆయన చదివాడు. "మంచి వార్తే కదమ్మా."

"ఆవిడ కాళ్ళు వాచాయి. నేను వారం వారం కొలుస్తున్నా. ముప్పావంగుళం పెరిగింది."

"మీరు కొలుస్తున్నారా?" ఆయన నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. చిన్నపిల్ల డాక్టరాట ఆడుతుంటే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. "చూడమ్మా, వాపు పెరుగుతుంది, తగ్గుతుంది. నడక అసలు కొలత. మీ అక్కే కాదు, నలభై ఇద్దరిలో నలభై మంది ఎక్కువ నడిచారు. రెండు గుంపులూ పెరిగాయి. ఉత్తుత్తి కరెంటు పెట్టిన గుంపు కూడా! దానర్థం తెలుసా మీకు?"

"చెప్పండి."

"నమ్మకం. మనిషి నమ్మితే మెదడు మారుతుంది. మెదడు మారితే గుండె మారుతుంది. శనివారం నేను చెప్పబోయేది అదే. కరెంటు కూడా అక్కర్లేదేమో."

"నమ్మితే కాళ్ళు ఎందుకు వాచాయి సారూ? కాళ్ళకి నమ్మకం లేదా?"

ఆయన మొహం బిగుసుకుంది. "మీ ఆందోళన అర్థమైంది. కాని ఇది సైన్సు. ఒక మనిషిని చూసి చెప్పేది కాదు. సగటు చూడాలి."

"సగటుకి ఊపిరాడకపోవడం లేదు కదా. ఆడనిది మా అక్కకి."

"కాస్త బయట కూచోండి. మీ అక్కని మళ్ళీ ఎప్పుడైనా చూద్దాం. శనివారం అయ్యాక."

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే రకం కాదు చెల్లెలు. జుట్టే పట్టుకునే రకం. కాని ఆ గదిలో పట్టుకోడానికి ఏమీ దొరకలేదు. అన్నీ నున్నగా ఉన్నాయి, బల్ల, తెర, ఆయన మాట. కుర్చీ చప్పుడయ్యేలా వెనక్కి తోసి బయటికొచ్చింది.

వరండాలో కూచుంటే ఎవరో దగ్గారు. ఒకప్పటి బస్సు డ్రైవరు, అక్కతో పాటు పరిశోధనలో ఉన్నాయన. ఆయన దగ్గు మూడు వరండాల అవతల వినపడుతుంది కాబట్టి అందరూ హారన్ అంటారు, ఆయన్తో సహా.

"ఏం చెల్లెమ్మా, ఎవరి మీద పళ్ళు నూరుతున్నావు?"

"ఎవరు దొరికితే వాళ్ళ మీద."

"అయితే నేను దూరంగా కూచుంటా. ఇవాళ నాకు మళ్ళీ నడక. అదనపు పరీక్షట. పోయినసారి అదరగొట్టాను తెలుసా, పన్నెండు చుట్లు! ఇంటికెళ్ళి రెండు రోజులు మంచం దిగలేదనుకో, అది వేరే సంగతి."

అది వేరే సంగతి. అక్క కూడా అదే మాట అంది పొద్దున. వీళ్ళందరికీ ప్రాణం వేరే సంగతి అయిపోయింది, కాగితం అసలు సంగతి అయిపోయింది.

తలకొలత ఈ కొస నుంచి ఆ కొసకి ఆరంజి కోన్లు పెడుతోంది. ఒక కోను గోడ పక్కన పెట్టి, అక్కడి నుంచి నేల మీద టైల్స్ లెక్కపెడుతూ నడిచింది, పెదాలు కదిలిస్తూ. "నలభై ఏడు, నలభై ఎనిమిది, నలభై తొమ్మిది, యాభై." యాభయ్యో టైలు దగ్గర రెండో కోను పెట్టింది.

చెల్లెలు చూస్తూనే ఉంది. చూపు మాత్రం కోను మీద లేదు, నేల మీద ఉంది. ఇరవై రెండేళ్ళు గళ్ళ గుడ్డ మీద గళ్ళు కలిపి కుట్టిన కళ్ళవి. ఏ గడి చిన్నదో, ఏ గడి పెద్దదో ఆ కళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కింది అంతస్తు నేల గుర్తొచ్చింది. బూడిద రంగు పెద్ద గళ్ళు. ఇది లేత పసుపు. చిన్నది.

కిందకి వంగి జాన పెట్టింది. రెండు జానలకి టైలు అయిపోయింది. మెడలో టేపు లాగి పరిచింది. పద్దెనిమిది అంగుళాలు.

"ఏం చేస్తున్నావమ్మా, నేలకి గౌను కుడుతున్నావా?" అన్నాడు హారన్.

ఆమె టేపు చుట్టుకుంటూ లేచింది. మెట్లు దిగింది, రెండేసి చొప్పున. కింది అంతస్తు పాత వరండాలో ఎవరూ లేరు. గోడలు ఆరిపోయి పెచ్చులు రాలుతున్నాయి. ఒక పక్క కుర్చీలు, బీరువాలు తోసి ఉన్నాయి. గోడకి ఇంకా పాత అట్ట అంటించి ఉంది, "కోనుకీ కోనుకీ మధ్య 50 టైల్స్ = 30 మీటర్లు." ఆ అట్టకి నకలే పైన కూడా ఉంది. మోకాళ్ళ మీద కూచుని టేపు పరిచింది. ఇరవై నాలుగు అంగుళాలు.

రెండడుగులు ఇక్కడ. అడుగున్నర అక్కడ. యాభై టైల్స్ అంటే ఇక్కడ వంద అడుగులు. అక్కడ డెబ్భై అయిదు. వీళ్ళు తలని మిల్లీమీటర్లతో కొలిచారు. చెవి నుంచి చెవికి పెన్సిలు చుక్కలు పెట్టారు. నేలని మాత్రం ఒక్కడూ కొలవలేదు. ముప్పావు వరండాలో నడిపించి, ముందర నిండు వరండాలో నడిచిన దానితో పోల్చి, ఎక్కువ చుట్లు కొట్టారని చప్పట్లు కొట్టారు. పైగా దానికో సిద్ధాంతం. నమ్మకమట! సూదిలో దారం ఎక్కించకుండా మిషను తొక్కి, గుడ్డ మీద కుట్టు పడనందుకు గుడ్డ స్వభావం గురించి ఉపన్యాసం ఇచ్చినట్టుంది.

సంచిలో ఉన్న సుద్దతో ఆ పాత గోడ మీదే లెక్క వేసింది. అక్క మొదట కొట్టినవి తొమ్మిది చుట్లు, కోను నుంచి కోనుకి ఒకటి చొప్పున తొమ్మిది వందల అడుగులు. తర్వాత కొట్టినవి పదకొండు చుట్లు, ఎనిమిది వందల పాతిక అడుగులు. అంటే రెండొందల యాభై మీటర్లు. మూడొందల ముప్ఫై కాదు. అక్క అరవై మీటర్లు పెరగలేదు. ఇరవై మీటర్లకి పైగా తగ్గింది.

* * *

తలకొలత ముందు నమ్మలేదు. తర్వాత టేపు చూసి నమ్మింది. తర్వాత గోడకి ఆనుకుని అలాగే జారి కూచుంది.

"ఆ అట్ట చూసి రాసి పైన అంటించింది నేనే ఆంటీ. యాభై టైల్స్ అని రాసుంటే యాభై పెట్టాను."

"ఏడవకు. ఏడిస్తే టైలు పెరగదు. పద."

పెద్ద డాక్టరు టేపు వంక చూశాడు, అమ్మాయి వంక చూశాడు, తెర మీద రంగుల గీతల వంక చూశాడు. తప్పు తెలిసిన మనిషి మొహం ఎలా ఉంటుందో చెల్లెలు ఎరుగును. కోటు చెయ్యి పొట్టైన రోజు అద్దంలో చూసింది. కాని ఆ మొహం ఆయన దగ్గర రెండు క్షణాలే ఆగింది.

"సరి చూద్దాం. ముందు అన్నీ పరిశీలించాలి. కమిటీకి చెప్పాలి. శనివారం సభ కానివ్వండి."

"శనివారం దాకా మా అక్క ఏం చెయ్యాలి? మూడు దిళ్ళ మీద కూచుని మీ ఉపన్యాసం వినాలా?"

"ఇది మా లోపలి విషయమమ్మా. బయటివాళ్ళు..."

"లోపలిదే సారూ! మా అక్క గుండె లోపలిది. అంతకన్నా లోపల మీకేముంది?" బల్ల మీద చెయ్యి పడింది, పెన్నుల డబ్బా దొర్లింది. "నలభై మందిని పొట్టి వరండాలో తిప్పి, బాగుపడ్డారు ఇంటికి పొండని ఉత్తరాలు పంపారు. మేం ఒక చెయ్యి పొట్టిగా కోస్తే ఆ గుడ్డ మేమే కొనిచ్చి మళ్ళీ కుట్టాలి. మీరు మనిషిని పొట్టిగా కోసి, గుడ్డదే తప్పంటున్నారు!"

"గొంతు తగ్గించండి."

"తగ్గదు. పొట్టి వరండా కాదు ఇది, తగ్గించడానికి."

ఆయన ఫోను తీసి మనుషుల్ని పిలవబోయాడు. తలకొలత అప్పుడు నోరు విప్పింది, సన్నగా. "సర్, నడక పరీక్ష కాగితం మీద సంతకం నాది. తప్పు కాగితం మీద నా సంతకం ఉంచలేను. ఆవిడని తీసుకొస్తే పాత వరండాలో మళ్ళీ నడిపిస్తాను."

"నీ ఉద్యోగం గురించి ఆలోచించుకో."

"ఆలోచించుకునే చెప్తున్నా సర్."

ఇద్దరూ గది బయటికొచ్చారు. చెల్లెలు ఆ అమ్మాయి చేతులు పట్టుకుంది. "తీసేస్తే మా దుకాణానికి రా. ఖాళీ ఉంది. టేపు పట్టడం మాత్రం మళ్ళీ మొదట్నించీ నేర్చుకోవాలి."

* * *

అసలు కష్టం అక్కతో వచ్చింది.

చెల్లెలు దుకాణానికొచ్చి అంతా చెప్పింది. చెప్పినంతసేపూ అక్క కోత బల్లకి ఆనుకుని, కత్తెర తెరుస్తూ మూస్తూ కూచుంది. గోడ మీద ఎర్ర సున్నా ఆవిడ తల పైనే ఉంది.

"నడవను," అంది చివరికి.

"అక్కా..."

"పద్నాలుగు నెలల్లో నాకు దొరికిన ఒకే ఒక మంచి మాట అది. ప్రతి డాక్టరూ తగ్గింది, తగ్గింది అన్నవాడే. ఒక్కడు పెరిగింది అన్నాడు. నీ కళ్ళు చల్లగుండ, దాన్ని కూడా నేలకి టేపు పెట్టి కొలిచొచ్చావా? కందకు లేని దురద కత్తిపీటకెందుకే?"

"లిస్టులోంచి పేరు పోయింది! ఆ కాగితం నిన్ను చంపుతోందే!"

"చస్తే మూడొందల ముప్ఫై నడిచిన మనిషిగా చస్తా."

చెల్లెలికి తల తిరిగినంత కోపం వచ్చింది. డాక్టరు మీద రానంత. ఎందుకంటే డాక్టరు ఎవడో, ఈవిడ అక్క. గోడ మీది కాగితం పీకేద్దామని చెయ్యి చాపి, ఆగిపోయింది. పీకితే పోట్లాట అవుతుంది. పోట్లాటకి అక్క దగ్గర ఊపిరి లేదు. అది న్యాయం కాదు.

చెక్క స్కేలు తీసి అక్క చేతిలో పెట్టింది. తన చెయ్యి బోర్లా బల్ల మీద చాపింది, గెణుపులు పైకి.

"కొట్టు."

"ఏంటే ఇది?"

"ఒక టేపుతో కొలిచి ఇంకో టేపుతో కోస్తే ఎవరిని కొట్టాలి? నన్ను కొట్టావుగా, మూడు. ఆ డాక్టరు చెయ్యి ఇక్కడ లేదు. నువ్వు కూడా అదే చేస్తున్నావు ఇప్పుడు. రెండడుగుల టైలుతో కొలిచి, అడుగున్నర టైలుతో కోసిన కాగితాన్ని గోడకి గుచ్చి, సున్నా చుట్టి, గిరాకీలకి చూపిస్తున్నావు. ఈ దుకాణంలో! నీ దుకాణంలో!"

అక్క స్కేలు వంక చూసింది. తర్వాత తన ఎడం చెయ్యి తనే బల్ల మీద పెట్టుకుని, గెణుపుల మీద స్కేలుతో ఒకటి కొట్టుకుంది. గట్టిగానే. చెల్లెలు ఉలిక్కిపడింది.

"ఒక్కటి చాలు," అంది అక్క. "ఊపిరి లేదు. టేపు ఇలా ఇవ్వు. నీది కాదు, నాది. నీది సాగిపోయింది."

* * *

పాత వరండాలో కుర్చీలు, బీరువాలు హారన్, ఇంకో ఇద్దరు రోగులు కలిసి జరిపారు. ముగ్గురికీ గుండె జబ్బే, జరపకూడదు. అయినా జరిపారు. మధ్యమధ్యలో ముగ్గురూ జరిపిన కుర్చీలోనే కూలబడ్డారు. ఎవరో మిగతా రోగులకి కూడా కబురు చేశారు. కబురుకి వాపు ఉండదు, ఎంత దూరమైనా నడుస్తుంది.

అక్క ఎవరి మాటా వినలేదు. కొస నుంచి కొస దాకా తనే కొలిపించింది. టేపు ఒక చివర తను పట్టుకుని గీత గీతకీ కుర్చీ జరిపించుకుంది, చెల్లెలు రెండో చివర పట్టుకుని జరుగుతూ, ప్రతి అయిదడుగులకీ సుద్ద గీత పెట్టింది. ఇరవయ్యో గీత దగ్గర తలకొలత కోను పెట్టింది. వంద అడుగులు.

అప్పుడు అక్క లేచింది. తలకొలత ఆవిడ వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి, గడియారం నొక్కింది.

మొదటి చుట్టు తల ఎత్తుకునే నడిచింది. రెండో చుట్టులో హారన్ ఏదో జోకు వేశాడు, ఆవిడ చెయ్యి ఊపింది. నాలుగో చుట్టులో చెయ్యి ఊపలేదు. అయిదో చుట్టులో చెల్లెలు పక్కన నడవబోతే, "పో" అన్నట్టు కళ్ళతో తోసింది. ఏడో చుట్టు కోను దగ్గర ఆగింది. పెదాలు నీలంగా ఉన్నాయి. చెల్లెలు కుర్చీ తోసింది, ఆవిడ పడ్డట్టు కూచుంది. గడియారంలో ఇంకా ఒకటిన్నర నిమిషం ఉంది. తలకొలత అది కూడా అయిపోనిచ్చింది. అక్క ఊపిరి ఒక్కటే వినపడింది.

తలకొలత రాసింది. 210 మీటర్లు. కింద సంతకం పెట్టింది. పాత కాగితం తప్పు అని, ఎందుకు తప్పో, ఎంత తప్పో రాసింది. దాని కింద కూడా సంతకం పెట్టింది. ఆ కాగితాన్ని చెల్లెలు గుండె విభాగానికి పరిగెత్తి తీసుకెళ్ళింది. కిటికీలో ఉన్నావిడ చదివి, రెండుసార్లు ఎవరికో ఫోను చేసి, ముద్ర వేసింది. పేరు లిస్టులోకి వచ్చింది. పాత వంతులోనే, మూడు వారాల్లో. అభినందనలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ముద్ర కాగితం పట్టుకుని చెల్లెలు తిరిగొచ్చేసరికి వరండా కొసన పెద్ద డాక్టరు నిలబడి ఉన్నాడు. చుట్టూ ఏడెనిమిది మంది. హారన్ తన నడక కాగితం డాక్టరు మొహం ముందు ఆడిస్తున్నాడు. అక్క మాత్రం కోనుకీ కోనుకీ సరిగ్గా మధ్యలో కుర్చీ వేయించుకుని కూచుంది. మెడలో టేపు.

"వచ్చిందా?" అంది.

"వచ్చింది అక్కా. పద, ఇంటికి పోదాం."

"ఈ వరండాలో ఇంకా నలభై ఒక్క మంది నడవాలి."

డాక్టరు దగ్గరికొచ్చాడు. గొంతు మెత్తగా పెట్టాడు. "అమ్మా, మీ కాగితం మీకిచ్చేశాం కదా. మిగతావి మేం పద్ధతి ప్రకారం చేస్తాం. సభ అయ్యాక. మీరు అలసిపోయారు. ఇంక లేవండి."

కత్తెరక్క ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది, కొలత తీసుకుంటున్నట్టు. తర్వాత మాట్లాడింది. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ, ఏ మాటనీ వదలకుండా.

"ఎలా లేస్తానయ్యా? లేవలేనని మీ కాగితమే చెప్తోంది."

హారన్ దగ్గు మొదలుపెట్టాడో, నవ్వో తెలియలేదు. చెల్లెలు ఇంకో కుర్చీ లాక్కొచ్చి అక్క పక్కన వేసి కూచుంది. తలకొలత పేర్ల కాగితం తీసి, గొంతు సవరించుకుని, రెండో పేరు పిలిచింది.